కిటికీ దగ్గర ఎర వాసన

నంబరు చీటీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఈ ఆఫీసులో నంబర్లు కొంతదూరం ముందుకు నడిచి, అలిసిపోయి, మళ్లీ వెనక్కి వస్తాయని నా అనుమానం. లేకపోతే నా తర్వాత వచ్చినవాళ్లంతా నాకంటే ముందు ఇంటికి ఎలా పోతారు. నాకేం తొందర లేదులెండి. ఇంట్లో నాకోసం ఎదురుచూసేది ఒక ఫ్రిజ్జు, అదీ మూలుగుతూనే ఉంటుంది. ఇక్కడి కుర్చీలను నేలకు బోల్టులతో బిగించారు, ఎవడైనా ఒకటి ఎత్తుకుపోయి అమ్మి ఆ డబ్బుతో ఫీజు కట్టేస్తాడని భయం కాబోలు. గోడ మీద ఎర్ర అక్షరాలు: నగదు తీసుకోము, చెక్కులు తీసుకోము, మనీ ఆర్డర్ మాత్రమే. ఆ అక్షరాల కింద మేము, కోర్టు జైలుకూ పంపకుండా, అలాగని వదిలేయకుండా, ప్రొబేషన్ అనే తాడుతో కట్టేసినవాళ్లం, నెలనెలా వచ్చి ఆ తాడుకు అద్దె కట్టిపోతుంటాం. నన్ను ఎందుకు కట్టేశారో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పక్కన కూర్చుని నవ్వడానికి ఇంకొకడు ఉన్నన్నాళ్లు నేనూ నవ్వినవాడినే.

ఆ ఇంకొకడి పేరు హాయిట్ సైజ్‌మోర్. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక వాగు, అదీ ఎండాకాలంలో కోడి దాటిపోయేంత. అవతల వాడు, ఇవతల నేను, సాయంత్రమైతే వాడి రేకుల షెడ్డులో చుక్కల బిళ్లల ఆట, ఆట మధ్యలో అబద్ధాలు, అబద్ధాల మధ్యలో పని. పని అంటే గబ్బు ఎర చేయడం. కుళ్లిన చీజు, కోడి కార్జాలు, నెత్తురు కలిపి పులియబెట్టి ముద్దలు చేస్తే జెల్లచేపలు ఆ కంపుకు పిచ్చెక్కి వస్తాయి. ఓక్లహోమాలో మా తూర్పు మూల గాలం వేసేవాళ్లంతా హాయిట్ ఎరే కొనేవాళ్లు. ఆ కంపు వాడి చేతుల్లోంచి పోదు. చర్చికి వస్తే వాడి బెంచీ మీద వాడొక్కడే. వాడి పెళ్లి రోజున పాస్టరు కిటికీలన్నీ తెరిపించాడు. వాడిచ్చిన నోటును బ్యాంకువాళ్లు ఎండలో ఆరేసి గాని పెట్టెలో పెట్టరు. ఈ మూడింట్లో ఒకటి నిజం. నా భార్య లవేడా బతికున్నప్పుడు నన్ను వరండాలోనే చొక్కా విప్పించి లోపలికి రానిచ్చేది, చొక్కా ఆ రాత్రంతా తీగ మీద ఊగుతూ ఉండేది, వాసనకు దోమలు రాకపోవడం ఒక్కటే మాకు మిగిలిన లాభం అనేది. ఆమె పోయాక చొక్కాతోనే లోపలికి వచ్చేవాణ్ని. ఎవరూ వద్దనకపోవడం ఎంత చెడ్డ సంగతో అప్పుడు తెలిసింది.

ఎయిర్ కండిషనర్ నా నెత్తి మీదే ఊదుతోంది. వెనక వరసలో ఎవరో దగ్గారు, పొడి దగ్గు, లోపల పేలికలు చించినట్టు. హాయిట్ దగ్గు అలాంటిది కాదు. వాడిది తడి దగ్గు, పొద్దున్నే వాగు మీదుగా వస్తుంది, ముందు ఒకటి, తర్వాత చాలాసేపు ఏమీ లేకుండా, నేను కాఫీ కప్పు పట్టుకుని ఆగిపోయి, రెండోది వచ్చేదాకా తాగను. ఈ మధ్య రెండోది రావడానికి చాలాసేపు పడుతోంది. అందుకే పోయిన వారం నా పడవ మోటారు అమ్మేశాను. కొన్నవాడు అడిగాడు, మోటారు లేకుండా పడవతో ఏం చేస్తావు పెద్దాయనా అని. కోళ్లకు నీళ్లు పెడతానన్నాను. ఆ డబ్బుతో ఈ పొద్దున పెట్రోలు బంకులో మామూలుకంటే లావుపాటి మనీ ఆర్డర్ కొన్నాను, అంటే కాగితం అంతే, అంకె లావు. బంకులో పిల్ల దాన్ని మిషన్లోంచి లాగి ఇస్తుంది, వేయించిన కోడి నూనె మరక ఉచితం. ఎలాగైనా ఇది తొందరగా తెమిలిపోవాలి. నా బాకీ తీరేదాకా హాయిట్‌ను పలకరించకూడదని కోర్టు ఆజ్ఞ, దగ్గేవాడికి ఆ ఆజ్ఞ సంగతి తెలుసు గాని ఆ దగ్గుకు తెలియదు.

జూలై నెల, ఎండకు వాగులో తాబేళ్లు గొడుగులు పట్టుకుని తిరిగిన సంవత్సరం. నా ఎరకు జెల్లలు నీళ్లలోంచి లేచి గట్టు మీద నడిచి వస్తాయిరా అన్నాను వాడితో. "ఒరేయ్ ఓర్వల్, నీ ఎరకు ఈగలు కూడా ముక్కు మూసుకుని పోతున్నాయిరా, చేపల దాకా ఎందుకు," అన్నాడు. దాంతో నాకు పౌరుషం వచ్చింది. వాడు ఊళ్లో లేనప్పుడు వాడి పెద్ద డ్రమ్ములో కార్జాలు, చక్కెర పాకం, రొట్టెలు పొంగించే ఈస్టు పొట్లాలు చాలా పోసి మూత బిగించి వచ్చాను. మూత మూడు కౌంటీలు దాటి ఎవరిదో ఆవు మెడలో పడిందని నేను చెబుతాను. నిజానికి వాడి టమాటా మొక్కల్లో పడింది. వాడు తిరిగొచ్చి షెడ్డులో దీపం పెట్టుకున్నాక డ్రమ్ము పేలింది, దీపం తిరగబడింది, షెడ్డు అంటుకుంది. మేమిద్దరం గట్టు మీద నిలబడి చూశాం. ఒళ్లంతా ఎర చిట్లిపడి వాడి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, వాడు నవ్వాడు, నవ్వి నవ్వి కూలబడ్డాడు, "నడిచొచ్చాయిరా నీ చేపలు, చూడు," అని గడ్డిలో కొట్టుకున్నాడు. బీమా వాళ్లు పోలీసు కాగితం కావాలన్నారు. కాగితం కోసం వాడు పోలీసును పిలిచాడు, అంతే. బీమా వాళ్లు ఎలాగూ ఇవ్వలేదు. కాగితానికి మాత్రం కాళ్లొచ్చి ఠాణా నుంచి ప్రాసిక్యూటరు దగ్గరికి, అక్కడి నుంచి జడ్జి దగ్గరికి తనంతట తనే నడిచిపోయింది.

కోర్టులో వాడు లేచి, "అయ్యా, వీడికి బుర్ర తక్కువ గాని దురుద్దేశం లేదు, వదిలేయండి," అన్నాడు. జడ్జి, బాధితుడు కూర్చోవచ్చు అన్నాడు. బాధితుడు ఎవడా అని హాయిట్ వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత జడ్జి అద్దాలు సర్దుకుని చదివాడు: ఓర్వల్ టిడ్‌మోర్ అనే నేను నెలనెలా ప్రొబేషన్ ఫీజు కట్టాలి, కోర్టు ఖర్చులు కట్టాలి, షెడ్డుకు నష్టం కట్టాలి, అన్నీ ఈ ఆఫీసు ద్వారానే, కేసు మూసేదాకా బాధితుడిని పలకరించకూడదు, ఫోన్ చేయకూడదు, ఉత్తరం రాయకూడదు, ఇంకొకరి చేత కబురు పెట్టకూడదు, తప్పితే జైలు. ఆ రోజు మేం కోర్టుకు ఒకే బండిలో వచ్చాం, వాడి బండిలో. తిరిగి వెళ్లేటప్పుడు వాడు ఇంజను ఆన్ చేసి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నేను మెట్ల మీద నుంచి చూస్తూ నిలబడ్డాను. పోలీసు ఒకతను మా ఇద్దరి మధ్య నిలబడి సిగరెట్ కాల్చుకున్నాడు. నడిచి ఇల్లు చేరాను.

"ఏం పెద్దాయనా, మళ్లీ జేబు తడుముకుంటున్నావు, లోపల బాతు పిల్ల ఉందా," అంటున్నాడు పక్క కుర్చీలోంచి కెండ్రిక్. ఇళ్ల పైకప్పులు వేసేవాడు, ఒంటి మీద తారు వాసన, నాలాగే నెలనెలా వస్తాడు. మోకాళ్ల మీద పెట్టుకున్న టోపీని గుండ్రంగా తిప్పుతున్నాడు, అంటే ఈ నెలా డబ్బు సరిపోలేదన్నమాట.

"బాతు కాదు, బాతు గుడ్డు. పగిలితే నీ మీద పడుతుంది, జరుగు."

"వానలకు పని లేదు. సగమే తెచ్చాను. తిడతారంటావా?"

"సగానికి సగం తిట్లే. రావడం మానేస్తేనే మొత్తం తిట్లు. కిటికీ దగ్గర రమోనా ఉంది, ఆమె కనుబొమ్మలతో తిడుతుంది, నోటితో కాదు."

వాడు నవ్వాడు. ఒక మనిషిని నవ్వించి ఎన్నాళ్లయిందో. నవ్వు అయిపోగానే వాడు ఫోన్లోకి వెళ్లిపోయాడు, నేను నా జేబులోకి.

జేబులో ఉన్న మనీ ఆర్డర్ కాగితం అడుగున, ఎడమ మూల, ఒక చిన్న గీత ఉంటుంది, డబ్బు దేనికో రాసుకోమని. అందరూ ఫీజు అని రాస్తారు, లేదా ఖాళీగా వదిలేస్తారు. మొదటి నెల ఆ గీతను చూసి నాకు బుర్ర వెలిగింది. నష్టం హాయిట్‌కు ఈ ఆఫీసు ద్వారా కట్టాలన్నాడుగా జడ్జి, అంటే ఈ కాగితం ఇక్కడి నుంచి హాయిట్ చేతికే పోతుంది, కోర్టే నా పోస్టుమ్యాన్. ఉత్తరం రాయకూడదు గాని డబ్బు దేనికో రాయకూడదని ఎవడన్నాడు. కాబట్టి నెలకో వాక్యం చొప్పున కథ మొదలుపెట్టాను. ఒక జెల్ల జడ్జి టోపీ మింగింది. ఆ జెల్లకు ప్రొబేషన్ వేశారు. నెలనెలా గట్టు ఎక్కి వచ్చి ఆల్చిప్పలతో ఫీజు కట్టాలి. రెక్కలతో ఆల్చిప్పలు పట్టుకుని ఎండలో క్యూలో నిలబడటం దానికి కష్టమైంది. ఎండిపోకుండా ఒక తాబేలు దాని మీద నీళ్లు చల్లింది, నీళ్లకు ఫీజు వేసింది. జెల్ల ఒక కప్పను లాయరుగా పెట్టుకుంది, కప్ప సగం కేసులో నిద్రపోయింది. ఒక్కో వాక్యం నెలంతా నమిలి నమిలి, గీత మీద పట్టేలా చీమ తలలంత అక్షరాలతో రాసేవాణ్ని. ఇది చూడగానే హాయిట్ ఎలా నవ్వుతాడో, ముందు ముక్కుతో మొదలై భుజాల్లోకి దిగి చివరికి దగ్గులోకి ఎలా జారిపోతాడో ఇంట్లో ఒక్కణ్నే చేసి చూసుకునేవాణ్ని.

వాడు బదులు చెప్పేవాడు కూడా. మా ఇద్దరి ఉత్తరాల డబ్బాలు రోడ్డు మీద ఒకే కొయ్య మీద పక్కపక్కనే ఉంటాయి, ముప్పై ఏళ్ల కిందట ఇద్దరం కలిసి పాతిన కొయ్య, వంకరగా పాతింది వాడే. పంపాల్సిన ఉత్తరం ఉంటే డబ్బా పక్కనున్న ఎర్ర రేకు జెండా పైకెత్తాలి, పోస్టు బండివాడు ఆగి తీసుకుని జెండా దించేస్తాడు. హాయిట్‌కు రాయడానికి ఎవరున్నారు. కరెంటు బిల్లు కూడా ఊళ్లోకి పోయి కట్టేరకం. అలాంటివాడి జెండా నేను ఫీజు కట్టిన వారంలో ప్రతి నెలా పైకి లేచేది. చదివానురా, తర్వాత ఏమైంది, అని దానర్థం. నేనలాగే చదువుకున్నాను. నా వంటింటి కిటికీ లోంచి ఆ ఎర్ర ముక్క కనిపించిన రోజు రెండు గుడ్లు వేసుకుని తినేవాణ్ని.

ఈ రోజు గీత ఖాళీగా ఉంది. జెల్ల టోపీని కక్కేస్తుందా లేదా అన్నది ఇంకా తేల్చలేదు. కిటికీ దగ్గర నిలబడి రాద్దామనుకున్నాను, ఇంకా ఎంత మిగిలిందో తెలిస్తే కథ ఎంత సాగదీయాలో తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఎంత మిగిలిందో అడగలేదు. అడిగితే చెబుతారు, అదే దాంతో వచ్చిన చిక్కు.

నా నంబరు పిలిచారు. కిటికీ అద్దానికి మధ్యలో చిన్న కన్నాలు, కింద కాగితం జారేంత సందు. అవతల రమోనా ఇంప్సన్, చోక్టా అనే ఆదివాసీ తెగ పిల్ల, మెడలో పూసల దండ, కనుబొమ్మలు రెండూ పనికి సిద్ధంగా ఉన్నాయి.

"ఓర్వల్ తాతా, చిరునామా మారిందా?"

"వాగు కొంచెం జరిగింది, నేను అక్కడే ఉన్నాను."

"ఇంట్లో కొత్తగా ఎవరైనా ఉంటున్నారా?"

ఇది నెలనెలా అడుగుతుంది. ఒక్కోసారి ఏదో ఒకటి చెబుతాను, సర్కస్ వాళ్లు దిగారని, గవర్నరు భార్య అలిగి వచ్చిందని. ఈ రోజు నోరు రాలేదు. "లేరమ్మా," అన్నాను. ఆమె ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకుంది.

"ఆ గీత మీద ఏమైనా రాస్తారా, అలాగే తీసుకోనా?" పెన్ను సందులోంచి తోసింది. "చేప సంగతి ఏమైంది? పోయిన నెల కప్ప నిద్రపోయిందిగా. మా అమ్మ కూడా అడుగుతోంది."

నా చేయి పెన్ను మీదే ఆగిపోయింది. "నువ్వు చదువుతున్నావా?"

"నా చేతికేగా ఇస్తారు. నేను చదవకపోతే ఎవరు చదువుతారు?"

"హాయిట్."

ఆమె కన్నాలకు దగ్గరగా వంగి, చెవిటివాడికి కాదు, నిద్రపోతున్నవాడిని లేపడానికి మాట్లాడినట్టు మాట్లాడింది. "తాతా, ఈ కాగితాలు ఎవరికీ పోవు. మేం బ్యాంకులో వేస్తాం. ఆయనకు పోయేది కంప్యూటర్ కొట్టే చెక్కు, దాని మీద మీరు రాసిందేదీ ఉండదు. అసలు ఆ చెక్కు ఇంకా ఒక్కటి కూడా పోలేదు. వచ్చిన డబ్బు ముందు మా ఫీజుకు, తర్వాత కోర్టు ఖర్చులకు, అవి తీరాక ఆయనకు. వరస అది."

వరస అది. అద్దంలో నా మొహం రమోనా మొహం మీద పడి కనిపిస్తోంది, ముసలి మొహానికి పూసల దండ. ఇన్నాళ్లూ వాడు నవ్వలేదు. ముక్కుతో మొదలవలేదు, భుజాల్లోకి దిగలేదు. ఆ దగ్గు నవ్వులోంచి వచ్చిన దగ్గు కాదు, ఉత్త దగ్గు. షెడ్డు కాల్చినవాడు ఒక్క సెంటు ఇవ్వలేదు, ఒక్క మాట రాయలేదు, అవతలి గట్టు మీద గుడ్లు వేసుకుని తింటున్నాడు, వాడికి కనిపించింది ఇంతే. నేను నెలనెలా మైకు ముందు కూర్చుని మాట్లాడాను, అది మైకు కాదు, ఖాళీ రొట్టెల పెట్టె. మరి జెండా. జెండా దేనికి ఎత్తాడు. ఎవరికి రాశాడు. ఎవరో ఉన్నారన్నమాట, కొత్త స్నేహితుడెవడో, వాడి అబద్ధాలు వినేవాడు, పోస్టులో. గీత ఖాళీగానే వదిలి కాగితం, పెన్ను సందులోంచి లోపలికి తోశాను.

"ఇంకా ఎంత మిగిలిందమ్మా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆమె మీటలు నొక్కింది. "మాకేమీ లేదు. ఫీజు, ఖర్చులు పోయిన నెలతో తీరిపోయాయి. ఈ రోజు మీరు తెచ్చింది మొత్తం ఆయనకే పోతుంది, మొదటి చెక్కు. ఇంకా మిగిలింది మామూలు అప్పు, దానికోసం మిమ్మల్ని ప్రొబేషన్‌లో ఉంచరు. కేసు మూయమని కాగితం జడ్జిగారికి పంపిస్తాను."

"తీరడమేంటి. నా లెక్కకు ఇంకో చలికాలం పట్టాలే."

"నెలకు రెండు కడుతుంటే తీరదా మరి? ఒకటి ఇలా చేతికి, ఒకటి పోస్టులో." ఇక్కడ ఆమె ముక్కు ముడుచుకుంది, కనుబొమ్మలు రెండూ ఒకదానివైపు ఒకటి జరిగాయి. "అడగాలనుకుంటూనే ఉన్నాను తాతా. ఆ పోస్టు కవరుకు ఏం పూస్తారు? చేతి తొడుగులు వేసుకుని, బయట మెట్ల మీదకు తీసుకెళ్లి విప్పుతాం. డ్రాయరు అంతా అదే కంపు. పోయినసారి మా మేనేజరు గోడలో ఏదో చచ్చిందని మనుషుల్ని పిలిపించాడు."

"పేరుందా దాని మీద?"

"పేరుండదు. మీ కేసు నంబరు మాత్రమే. మీదే కదా?"

కాదంటే ఏమవుతుందో నాకు తెలియదు. కబురు పంపినట్టవుతుందా, అందుకున్నట్టవుతుందా, దానికి జైలు ఎంత. రమోనా నా మొహం చూసింది, అద్దం మీద కన్నాలు చూసింది, తర్వాత ఆమె చేయి నెమ్మదిగా పూసల దండ మీదకు పోయింది. అర్థమైన మనిషి ఇంక ప్రశ్న వేయదు. వేయలేదు.

"జడ్జిగారు ఎప్పుడు సంతకం పెడతారు?"

"ఆయన పెట్టినప్పుడు. వారం కావచ్చు, ఎక్కువ కావచ్చు. అప్పటిదాకా పలకరించకూడదు తాతా. ఇప్పుడు తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది." రసీదు సందులోంచి తోసి, దాన్ని వదలకుండా ఒక వేలితో పట్టుకుంది. "చేప?"

"ముందు వినాల్సినవాడు ఒకడున్నాడు. తర్వాత నీకూ, మీ అమ్మకూ."

కెండ్రిక్ టోపీ తిప్పుతూనే ఉన్నాడు, భుజం తట్టి బయటపడ్డాను. బండి ఎటు తిప్పానో గుర్తులేదు, దారి దానికి తెలుసు. నేను వాడికి కట్టాల్సినవాణ్ని. వాడు నాకోసం కట్టాడు, ఆ కిటికీకి, నేను కడుతున్న ఆ కిటికీకే, షెడ్డు లేకుండా, ఎక్కడ కూర్చుని పులియబెడుతున్నాడో ఆ ఎరను, వంటింట్లోనా, ఆ ఘాటుకేనా ఆ దగ్గు. ఇప్పుడు నా మోటారు డబ్బు చెక్కు రూపంలో వాడికి పోతుంది, వాడు దాన్ని మార్చి మళ్లీ నా నంబరు రాసి కవర్లో పెడతాడు, ఇద్దరు తాగుబోతులు ఒకే సీసాను, తీసుకోరా నువ్వు తీసుకో అని ఒకరికొకరు తోసుకున్నట్టు, బతికినన్నాళ్లు. చేతులు కడుక్కోవడం కూడా రాదు వెధవకు. కడుక్కుని ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

వంకర కొయ్య దగ్గర బండి ఆపాను. ఎండ ఇంకా ఉంది. వాడి ఎర్ర జెండా పైకి లేచి ఉంది, ఈ నెల కవరు కోసం. అవతల వాడి ఇంటి తలుపు మూసి ఉంది, పొగ గొట్టంలోంచి సన్నగా పొగ. దగ్గు కోసం ఆగాను. రాలేదు. అరవొచ్చు, ఇక్కడి నుంచి అరిస్తే వినపడుతుంది, తీరిపోయిందిరా ఇంక పంపకు అని, ఒక్క వాక్యం, గీత మీద పట్టేంత. నోరు తెరిచి మూసుకున్నాను. ఇంకొకరి డబ్బా తెరవడం నేరం, అది నాకూ తెలుసు. జెండా సంగతి మాత్రం ఏ జడ్జీ చదివి వినిపించలేదు. ఒక్క వేలితో దాన్ని కిందికి నొక్కాను. తుప్పు పట్టిన రేకు కిర్రుమంది, నేననుకున్నదానికంటే గట్టిగా. రేపు వాడు కర్ర పొడుచుకుంటూ వస్తాడు. జెండా దిగి ఉంటుంది, మూత తీస్తే కవరు లోపలే ఉంటుంది. కాసేపు బుర్ర గోక్కుంటాడు. తర్వాత నా డబ్బా వైపు చూస్తాడు, దాని జెండా పైకి లేచి ఉంటుంది, లోపల ఏమీ లేకుండా.

నా జెండా ఎత్తి, బండి దగ్గరికి వచ్చి, తాళం తిప్పబోతూ వేలు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. కార్జం, చీజు, నెత్తురు. ఇంటికి వెళ్లి చేతులు కడుక్కున్నాను, ఆ వేలొక్కటి తప్ప.